ఉద్యమ్ పత్రం ఉన్నా ధరావతు మినహాయింపు ఎందుకు రావడం లేదు?

బడి బల్లలు తయారుచేసే ఒక చిన్న కార్ఖానా యజమాని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి పిలిచిన టెండరులో పాల్గొన్నారు. చేతిలో ఉద్యమ్ పత్రం (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థగా నమోదైనట్టు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పత్రం) ఉంది కాబట్టి ధరావతు, అంటే బిడ్డుతో పాటు హామీగా కట్టే సొమ్ము, కట్టనక్కర్లేదని నమ్మి, కట్టకుండానే బిడ్డు దాఖలు చేశారు. సాంకేతిక పరిశీలనలోనే దాన్ని తిరస్కరించారు. ఆయన వేసిన ధర ఎంతో చూసినవారే లేరు. పత్రం తెప్పించి చూస్తే 'ప్రధాన కార్యకలాపం' అన్నచోట 'ట్రేడింగ్' అని ఉంది. రోజంతా రంపపు పొట్టులో నిలబడి పనిచేసే మనిషిని ఆ కాగితం కొని అమ్మే వ్యాపారిగా మార్చేసింది. ఫారం నింపింది ఆయన కాదు, డబ్బు తీసుకుని నింపిపెట్టిన మరొకరు.

ఇలా తిరిగివచ్చినవారిని చాలామందినే చూశాను. అందరి దగ్గరా పత్రం ఉంది. అందులో ఏం రాసి ఉందో చదివినవారు తక్కువ.

ముందుగా, ఈ పత్రంతో వచ్చేదేమిటో చూద్దాం. సూక్ష్మ, చిన్న సంస్థల కోసం 2012లో వచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ప్రకారం కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా తాము కొనే వస్తువులు, సేవల్లో కొంత వాటా ఈ సంస్థల నుంచే తీసుకోవాలి. మొదట 20 శాతంగా ఉన్న ఆ వాటా 2019 ఏప్రిల్ 1 నుంచి 25 శాతమైంది. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. భాగస్వామ్య సంస్థలో గానీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో గానీ వారి వాటా కనీసం 51 శాతం ఉంటేనే ఆ లెక్కలోకి వస్తుంది. పేరుకు ఇంటావిడను భాగస్వామిగా చేర్చి పది శాతం రాసిస్తే సరిపోదు.

టెండరు వేసేవారికి నేరుగా అందేవి చూస్తే, టెండరు పత్రాలు ఉచితం, ధరావతు మినహాయింపు, ఆపైన ధర విషయంలో ఒక వెసులుబాటు. అందరికంటే తక్కువ ధర వేసినది పెద్ద సంస్థ అనుకుందాం. వారు వంద రూపాయలు వేశారు, మీరు నూట పద్నాలుగు వేశారు. మీ ధర వారి ధరకు పదిహేను శాతం లోపే ఉంది కాబట్టి వందకు దిగివస్తారా అని మిమ్మల్ని అడుగుతారు. ఒప్పుకుంటే మొత్తం విలువలో 25 శాతం దాకా సరఫరా చేసే అవకాశం వస్తుంది. గమనించండి, నూట పద్నాలుగు ఇవ్వరు, వందే ఇస్తారు. ఆ ధరకు గిట్టుబాటవుతుందో లేదో ముందే లెక్క వేసుకోండి. తక్కువ ధర వేసినవారు కూడా చిన్న సంస్థే అయితే ఈ ప్రశ్నే రాదు.

అర్హత పరిమితులు 2025 ఏప్రిల్ 1 నుంచి పెరిగాయి. యంత్రాలు, పరికరాల మీద పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు పది కోట్లు దాటకపోతే సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్ల వరకు చిన్న సంస్థ. ఆపైన ఉండే మధ్యతరహా సంస్థలకూ ఉద్యమ్ పత్రం వస్తుంది గానీ, ఈ కొనుగోళ్ల విధానం వాటికి వర్తించదు.

నమోదు చాలా తేలిక. ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్, జీఎస్టీ తప్పనిసరి అయినవారికి ఆ సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలు ఇస్తే చాలు. ఆధార్‌కు అనుసంధానమైన ఫోను దగ్గర ఉంచుకోండి. సొంత వ్యాపారమైతే యజమాని ఆధార్, భాగస్వామ్యమైతే మేనేజింగ్ భాగస్వామిది, కంపెనీ అయితే అధీకృత సంతకందారుది. కాగితాలేవీ అప్‌లోడ్ చేయనక్కర్లేదు, అంతా స్వీయ ప్రకటనే. రుసుము సున్నా.

ఆ సున్నాను మరోసారి చదవండి. అచ్చం ప్రభుత్వ వెబ్‌సైటులా కనిపిస్తూ వేల రూపాయలు వసూలు చేసేవి ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' లేకపోతే బయటికి వచ్చేయండి. "మీ ఉద్యమ్ గడువు ముగుస్తోంది, రెన్యువల్ చేయించుకోండి" అని ఫోను వస్తే పెట్టేయండి. ఈ పత్రానికి గడువంటూ లేదు. వివరాలు మారితే సవరించుకోవాలి, అదీ ఉచితమే.

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఫారంలో ప్రధాన కార్యకలాపం తయారీయా, సేవలా, ట్రేడింగా అని అడుగుతుంది. ఆ తర్వాత ఎన్‌ఐసీ కోడు ఎంచుకోమంటుంది. ఇది దేశంలోని వృత్తి వ్యాపారాలన్నిటికీ అంకెలు కేటాయించిన పట్టిక. మొదటి రెండు అంకెలు విభాగాన్ని చెబుతాయి. 14 దుస్తుల తయారీ, 18 ముద్రణ, 31 ఫర్నిచర్ తయారీ, 80 భద్రతా సేవలు, 81 భవనాల శుభ్రత, నిర్వహణ. 45, 46, 47 మాత్రం వ్యాపారం: వాహనాల అమ్మకం, మరమ్మతు, ఆపైన టోకు, చిల్లర వర్తకం.

తొందరలో ఫారం నింపేవారు, ముఖ్యంగా రోజుకు యాభై ఫారాలు నింపే మధ్యవర్తులు, దుకాణం అన్న మాట వినగానే 47 నొక్కేస్తారు. అక్కడే బిడ్డు చచ్చిపోతుంది. టోకు, చిల్లర వ్యాపారులను 2021 జులైలో మళ్లీ ఉద్యమ్‌లోకి తీసుకున్న మాట నిజమే. అయితే అది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల కోసం మాత్రమే. ప్రభుత్వ కొనుగోళ్లలో రాయితీలు స్వయంగా తయారుచేసేవారికి, స్వయంగా సేవ అందించేవారికే. ప్రభుత్వ కొనుగోళ్లు ఆన్‌లైన్‌లో జరిగే జెమ్ పోర్టల్‌లోని బిడ్డు పత్రాల్లో ఈ షరతు స్పష్టంగానే ఉంటుంది, ట్రేడర్లకు వర్తించదని కూడా రాసి ఉంటుంది. ఆ పేజీ దాకా వెళ్లే ఓపిక ఎవరికీ ఉండదు, అంతే.

కాబట్టి ఈ రోజే మీ పత్రం తీసి రెండు చోట్ల చూడండి: ప్రధాన కార్యకలాపం ఏమని ఉంది, కింద కోడుల పట్టికలో ఏమేమి ఉన్నాయి. యూనిఫాంలు కుట్టి సరఫరా చేస్తూ పట్టికలో 14 లేకపోతే సవరించుకోవాలి. ఒక సంస్థకు ఒకే నమోదు ఉండాలి. కాబట్టి తప్పు పడిందని కొత్తది తీసుకోకండి. పాత నంబరుతో పోర్టల్‌లోకి వెళ్లి, సవరణ విభాగంలో కొత్త కోడు చేర్చవచ్చు. ఒక సంస్థ ఎన్ని పనులు చేస్తే అన్ని కోడులు పెట్టుకోవచ్చు, తయారీ, సేవలు రెండూ కూడా. ఈ పని బిడ్డు గడువుకు చాలా ముందే ముగించండి. గడువు దాటాక సవరించిన పత్రం ఆ బిడ్డును కాపాడుతుందని ఆశించకండి. దాఖలు చేసేటప్పుడు కూడా మొదటి పేజీ ఒక్కటే పెట్టి ఊరుకోకుండా, కోడులున్న పేజీలతో సహా పూర్తి పత్రం జతచేయండి.

ఇక్కడే మరో సలహా మీ చెవిన పడవచ్చు: "తయారీ కోడు ఒకటి చేర్చేస్తే పోలేదా, ఎవరు చూస్తారు?" చూస్తారు. కొనుగోలుదారు యంత్రాల వివరాలు అడగవచ్చు, కార్ఖానాకు మనిషిని పంపవచ్చు. స్వీయ ప్రకటనలో అబద్ధం రాస్తే ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం 27వ సెక్షను కింద జరిమానా ఒక ఎత్తు, టెండర్ల నుంచి నిషేధం మరో ఎత్తు. సలహా ఇచ్చినవారి పేరు ఆ ఉత్తర్వులో ఉండదు, మీ పేరే ఉంటుంది. నిజంగా కొని అమ్మే వ్యాపారమే అయితే ధరావతు కట్టి పోటీకి దిగండి. అందులో తప్పేమీ లేదు, గెలిస్తే సరుకు అమ్ముడవుతుంది.

నిర్మాణ పనులు చేసేవారు కూడా ఆగి చదవాలి. ఈ విధానం వస్తువులకు, సేవలకు మాత్రమే. రోడ్డు, కాలువ, ప్రహరీ గోడ వంటి పనుల కాంట్రాక్టుల్లో ఉద్యమ్ చూపించి ధరావతు మానేస్తే బిడ్డు నిలవదు. రాష్ట్ర ప్రభుత్వాలు, పురపాలక సంఘాలు పిలిచే టెండర్లకు వేరే నియమాలుంటాయి. మినహాయింపు ఉందో లేదో ఆ టెండరు పత్రమే చెప్పాలి, పొరుగువారు కాదు.

'స్థానిక' అన్న మాట మీద కూడా చాలామంది పొరబడుతున్నారు. ప్రభుత్వ కొనుగోళ్లలో దేశీయ వస్తువులకు ప్రాధాన్యమిచ్చే మేక్ ఇన్ ఇండియా ఉత్తర్వు 2017లో వచ్చింది, 2020లో సవరించారు. దాని ప్రకారం స్థానిక విలువ 50 శాతం లేదా అంతకు మించి ఉంటే మొదటి తరగతి, 20 నుంచి 50 లోపు ఉంటే రెండో తరగతి సరఫరాదారు. ఇక్కడ స్థానికం అంటే భారతదేశం. మీ దుకాణం ఆ కార్యాలయం ఎదురుగా ఉన్నంత మాత్రాన మొదటి తరగతి కారు. వస్తువు విలువలో ఎంత భాగం దేశంలో చేరింది, ఎక్కడ చేరింది అన్నది ప్రకటనలో రాయాలి. పది కోట్లకు మించిన కొనుగోళ్లలో దానికి ఆడిటరు ధ్రువీకరణ కావాలి. ఉద్యమ్ పత్రం ఈ ప్రకటనకు బదులు కాదు. రెండూ వేర్వేరుగా అడుగుతారు, రెండూ పెట్టాలి.

మినహాయింపు ధరావతుకే. ఆర్డరు దక్కాక కట్టవలసిన పనితీరు హామీ సొమ్ము మామూలుగానే కట్టాలి. గెలిచిన సంతోషంలో ఉండగా ఆ నోటీసు వచ్చి కంగారుపడినవారున్నారు. ఆ హామీని బ్యాంకు గ్యారంటీగా ఇవ్వాలనుకుంటే దానికి ఎన్ని రోజులు పడుతుందో బిడ్డు వేసే ముందే మీ బ్యాంకులో అడిగి ఉంచుకోండి.

బిల్లు గురించి ఒక్క మాట. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలని చట్టమే చెబుతోంది. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. సరుకు ముట్టినట్టు తేదీతో సంతకం తీసుకున్న చలానా ప్రతి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, 45 రోజులు లెక్కపెట్టడానికి ఆధారం అదే.