మేగజైన్ కట్టే చోటును పటం మీద వెతకడం

క్వారీకి కావలసిన పేలుడు పదార్థాలను నిల్వ చేసే మేగజైన్ కోసం చోటు చూసేటప్పుడు చాలామంది నచ్చిన చోట చుక్క పెట్టి, చుట్టూ వృత్తం గీసి, అందులో ఇళ్లేమైనా పడ్డాయా అని చూస్తారు. దీన్ని తిరగేసి చేయడమే మేలు. ముందుగా ఇళ్లు, బడులు, రోడ్లు, రైలు మార్గాల చుట్టూ వదలవలసిన దూరాన్ని గీసి, ఆ భూమినంతా తీసివేస్తే మిగిలేదే పరిశీలించదగిన స్థలం. విద్యుత్ కేంద్రాలను మరిచిపోకూడదు. 2011 జులై 11న సైప్రస్‌లోని మారి నౌకాదళ స్థావరంలో 98 కంటెయినర్ల మందుగుండు పేలి 13 మంది మరణించారు, దగ్గరలోని వాసిలికోస్ విద్యుత్ కేంద్రం కూడా తీవ్రంగా దెబ్బతింది.

ఈ పనికి ఉచితంగా దొరికే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ సరిపోతుంది. మొదట ప్రతి లేయర్‌ను, అంటే ఇళ్లు, రోడ్ల వంటి ఒక్కో రకం వివరాలున్న పొరను, రీప్రొజెక్ట్ చేసి డిగ్రీల నుంచి మీటర్లలోకి మార్చాలి. హైదరాబాద్, ఒంగోలు ప్రాంతాలకు భూమిని జోన్లుగా విభజించి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర జోన్, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోవలసిన ఈపీఎస్‌జీ కోడ్ 32644 వర్తిస్తుంది. అనంతపురం 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉన్నందున 43వ జోన్‌లోకి వస్తుంది. లేయర్ డిగ్రీల్లోనే ఉండగా బఫర్ (చుట్టూ వదలవలసిన దూరాన్ని గీసే సాధనం) పెట్టెలో మీటర్లనుకుని 222 అని కొడితే అది 222 డిగ్రీలవుతుంది.

ఐక్యరాజ్యసమితి మందుగుండు మార్గదర్శకాల ప్రకారం నివాస భవనాలకు మీటర్లలో దూరం, నిల్వ చేసే పేలుడు పదార్థం కిలోల ఘనమూలానికి 22.2 రెట్లు, ప్రజా రహదారులకు 14.8 రెట్లు. ఆ లెక్కన 1000 కిలోలకు ఇళ్ల నుంచి 222 మీటర్లు కావాలి. దూరం సగమై 111 మీటర్లే దొరికితే నిల్వ 500 కాదు, 125 కిలోలకు పడిపోతుంది. ఇది తొలి వడపోతకే పనికొస్తుంది. కనీస దూరాల నిబంధనలు వేరుగా ఉంటాయి, మన దేశంలో లైసెన్సుకు 2008 పేలుడు పదార్థాల నియమాల్లోని పట్టికే ప్రమాణం.

ఇళ్లను చుక్కలుగా కాక గోడల అంచుల వెంట గీసి, ఒకదానిపై ఒకటి పడే బఫర్లను కలిపేసే డిజాల్వ్ ఎంచుకుని బఫర్ చేసి, డిఫరెన్స్ సాధనంతో గ్రామ హద్దు నుంచి తీసివేయాలి. మిగిలిన ముక్కల్లో మేగజైన్ ఒక్క మూలైనా బఫర్‌ను తాకకుండా ఇమడాలి.

తర్వాత జీపీఎస్ పట్టుకుని నడవవలసిందే. ఉపగ్రహ చిత్రం తీసిన తేదీ తర్వాత లేచిన రేకుల ఇల్లు, చెట్ల కింద దాగిన గుడిసె పటంలో కనిపించవు, కానీ అందులో ఉండేది మనుషులే. కనిపించిన ప్రతి కప్పునూ లేయర్‌లో చేర్చి బఫర్ మళ్లీ నడపాలి. పూర్తయిన ఫైలును లైసెన్సు అధికారులకు ఇవ్వాలే తప్ప, అందరికీ తెరుచుకునే లింకుగా ఎక్కడా ఉంచకూడదు.