వర్షాకాలానికి ముందు నీటి ప్రమాదాలపై ప్రచారం: సమన్వయకర్తలు పాటించవలసిన జాగ్రత్తలు

వానలు మొదలయ్యాక నీటి ప్రమాదాల గురించి ప్రజలకు చెప్పడానికి పూనుకుంటే చాలా ఆలస్యమైనట్టే. వరదనీరు బావుల్లోకి, పగిలిన గొట్టాల్లోకి చేరిన తరువాత ఏ నీరు ఎందువల్ల చెడిందో తేల్చుకోవడానికి వ్యవధి ఉండదు. ఆ తొందరలో అందరికీ తెలిసిన ఒకే ఒక సలహా, "నీళ్లు కాచి తాగండి" అన్నది, అన్ని చోట్లకూ వెళ్లిపోతుంది. ఆ సలహా చాలా సందర్భాల్లో ప్రాణాలు నిలుపుతుంది గాని, కొన్ని సందర్భాల్లో హాని చేస్తుంది. అందుచేత ఏ వాడలో ఏ ప్రమాదం ఉన్నదో వానలకు ముందే తెలుసుకొని, దానికి సరిపడే మాటను సిద్ధం చేసుకోవడం ప్రచారాన్ని సమన్వయం చేసేవారి మొదటి బాధ్యత.

కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధులను కలిగించే సూక్ష్మక్రిములు మరిగించడం వల్ల చనిపోతాయి. నీరు తెర్లడం మొదలైన తరువాత ఒక నిమిషం, సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్లకు పైన ఉన్న ప్రాంతాల్లో మూడు నిమిషాలు మరిగిస్తే చాలు. అయితే ఆర్సెనిక్, ఫ్లోరైడ్, సీసం, నైట్రేటు మరిగించినంత మాత్రాన పోవు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో వాటి సాంద్రత పెరుగుతుంది. క్లోరిన్ కలిపినా ఇవి తొలగవు. వీటిలో నైట్రేటు విషయంలో ప్రత్యేక శ్రద్ధ అవసరం. పొలాల్లోని ఎరువులు, మరుగుదొడ్ల గుంతల నుంచి వచ్చే మురుగు వానలకు లోతు తక్కువ బావుల్లోకి దిగుతాయి. ఆ నీటిని పదేపదే కాచి, అందులో పాలపొడి కలిపి పసిబిడ్డకు పట్టే తల్లి తన వంతు జాగ్రత్త తీసుకున్నాననే అనుకుంటుంది. ఆరు నెలల లోపు శిశువుల్లో మాత్రం అధిక నైట్రేటు రక్తం ప్రాణవాయువును మోసుకుపోయే శక్తిని దెబ్బతీస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 50 మిల్లీగ్రాముల నైట్రేటును పరిమితిగా పెట్టింది. అంతకు మించిన బావి ఉన్నచోట "శిశువుల పాలలోకి ఈ నీరు వాడవద్దు, కాచినా వాడవద్దు" అని విడమరచి చెప్పాలి.

అమెరికాలోని ఫ్లింట్ నగర ప్రజలు ఈ తేడాను చాలా కష్టం మీద తెలుసుకోవలసి వచ్చింది. 2014 ఏప్రిల్‌లో అక్కడ నీటి వనరును మార్చారు. ఆ వేసవిలో క్రిములు కనిపించినందున కాచి తాగమని సూచనలు వెలువడ్డాయి. పాత గొట్టాల నుంచి నీటిలోకి సీసం చేరుతున్న సంగతిని మాత్రం అధికారులు 2015 శరదృతువులో గాని అంగీకరించలేదు. అంతవరకూ నీరు సురక్షితమేనని పదేపదే చెప్పిన మాట వల్ల ప్రజల నమ్మకం ఎంతగా దెబ్బతిన్నదంటే, ఆ తరువాత వచ్చిన సరైన సూచనలను కూడా అనుమానించినవారు ఎందరో. తెలియనిదాన్ని తెలిసినట్టు హామీ ఇవ్వడం కంటే "పరీక్ష ఫలితం ఇంకా రాలేదు, అది వచ్చేవరకు ఈ నీటిని తాగడానికి వాడకండి, ప్రత్యామ్నాయం ఇక్కడ దొరుకుతుంది" అని చెప్పడమే నా దృష్టిలో గౌరవప్రదమైన పని.

పరీక్షలు వానలకు ముందే చేయించాలి. క్రిముల పరీక్షకు నమూనాను శుద్ధిచేసిన సీసాలో పట్టి, చల్లగా ఉంచి, 24 గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చాలి. వేసవిలో వచ్చిన "క్రిములు లేవు" అన్న ఫలితం వరద ముంచిన బావికి వర్తించదని కార్యకర్తలందరికీ స్పష్టం చేయాలి, ఎందుకంటే పాత కాగితాన్ని చూపించి భరోసా ఇచ్చే పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

ఎవరికి చెప్పాలన్న ప్రశ్న కూడా ఇంతే ముఖ్యమైనది. కెనడాలోని వాకర్టన్ పట్టణంలో 2000 మే నెలలో భారీ వర్షాల తరువాత పశువుల ఎరువులోని క్రిములు తాగునీటి బావిలో చేరి ఏడుగురు మరణించారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. కాచి తాగాలన్న సూచన మే 21న స్థానిక రేడియో ద్వారా వెలువడింది గాని, ఆ రోజున సగం మందికే అది తెలిసిందని తరువాత జరిగిన విచారణ తేల్చింది. కనుక ఒకే మార్గాన్ని నమ్ముకోకుండా రాత్రి పనికి వెళ్లేవారికి, వినికిడి లేనివారికి, స్థానిక భాష రాని వలస కుటుంబాలకు, ఒంటరిగా ఉండే వృద్ధులకు, బడులకు, డయాలసిస్ కేంద్రాలకు ఎవరు ఏ గంటలోగా చెప్పాలో ముందే పేరుపేరునా పని పంచుకోవాలి. వాడకొకరు చొప్పున ఇంటింటికీ వెళ్లగలిగిన మనిషి ఉంటే, కరెంటు, ఫోన్లు పనిచేయని రోజున ఆ ఏర్పాటే ఆదుకుంటుంది.

ఒక నీటిని వద్దని చెప్పేముందు మరో నీటిని చూపించాలి. క్రిములున్న చెరువునీటికి బదులుగా బంగ్లాదేశ్‌లో లక్షలాది గొట్టపుబావులు తవ్వారు. తరువాత వాటిలో చాలావాటిలో ఆర్సెనిక్ ఉన్నట్టు బయటపడింది. సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, లీటరుకు 50 మైక్రోగ్రాములు దాటిన దాదాపు 14 లక్షల బావులకు ఎరుపు రంగు, మిగిలినవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చదువు రానివారికి కూడా అర్థమయ్యే మంచి పద్ధతి ఇది. అయితే రంగు కొన్నేళ్లకు వెలిసిపోతుంది, కొత్తగా తవ్విన బావులకు అసలు ఉండదు. పైగా ఎరుపు బావిని వదిలినవారు శుద్ధి చేయని చెరువునీటికి తిరిగి వెళితే, ఒక ప్రమాదం నుంచి తప్పించి మరో ప్రమాదంలోకి నెట్టినట్టవుతుంది. పక్కింటి ఆకుపచ్చ బావి నుంచి నీరు తెచ్చుకోవడానికి ఆ ఇంటివారి అనుమతి ఉన్నదా, ఎంత దూరం నడవాలి, ఎవరు మోయాలి అన్నవి ప్రచారకులు ముందే అడిగి తెలుసుకోవాలి. ఫలితాలు చెప్పేటప్పుడు ఏ కుటుంబం పేరునూ సభలో ప్రస్తావించకూడదు; ముందు ఆ ఇంటివారికి విడిగా చెప్పాలి.

కార్యకర్తల రక్షణను మరచిపోకూడదు. వరదనీటిలో దిగేవారికి ఎలుకజ్వరం ప్రమాదం ఉంది గనుక బూట్లు, చేతి తొడుగులు ఇవ్వాలి. బ్లీచింగ్ పౌడర్‌ను ఆమ్లంతో గాని, అమోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవాలతో గాని కలిపితే విషవాయువులు పుడతాయి. జనరేటరును ఇంట్లో గాని, వరండాలో గాని నడపరాదు. తలుపులకు, కిటికీలకు కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉంచాలి, ఎందుకంటే అది విడుదల చేసే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

చివరిగా, వేర్వేరు సంస్థలు కలిసి పనిచేసేటప్పుడు సూచన పాఠం ఒక్కటే ఉండాలి. ప్రతి సూచన మీద తేదీ, వేళ, వర్తించే వాడల పేర్లు, ఎవరి ఆమోదంతో వెలువడింది అన్నది తప్పక రాయాలి. లేకుంటే నిరుటి సందేశం ఈ ఏడాది ఫోన్లలో తిరిగి, ప్రమాదం లేనిచోట భయాన్నీ, ఉన్నచోట అలసత్వాన్నీ పుట్టిస్తుంది. సూచనను ఉపసంహరించే అధికారం ఎవరిదో కూడా ముందే నిర్ణయించాలి. ఉపసంహరించిన రోజున కుళాయిలను కాసేపు వదిలి గొట్టాల్లో నిలిచిన నీటిని పారబోయడం, తొట్లు కడగడం, పాత వడపోత భాగాలను మార్చడం వంటి పనులను అదే ఇళ్లకు, అదే మనుషులు, అదే దారిన వెళ్లి చెప్పాలి.