కూలర్ పంపుతో మిల్లింగ్ మెషీన్‌కి కూలెంట్: ఎక్కడ మొరాయిస్తుంది, ఏం చేయాలి

బెంచ్ మీద పెట్టుకునే చిన్న మిల్లింగ్ మెషీన్‌కి (తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసేది) కంపెనీ కూలెంట్ సెట్, అంటే కోసే చోట ఆయిల్ కలిపిన నీళ్లు పోసి చల్లబరిచే ఏర్పాటు, కొనడం చాలామందికి గిట్టుబాటు కాదు. అందుకే ఎయిర్ కూలర్‌లో వాడే నీళ్ల పంపు, ఇరవై లీటర్ల పెయింట్ డబ్బా, మేస్త్రీలు వాడే లెవెల్ పైపు, చివర ఒక బాల్ వాల్వుతో సరిపెట్టుకుంటారు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, మీ ఊళ్లో కూలర్ల షాపులోనో పంపు ఐదు వందల లోపే దొరుకుతుంది. పని కూడా బాగానే చేస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే అందరూ ముందు పంపునే తిడతారు కానీ, చాలాసార్లు తప్పు నీళ్లు తిరిగొచ్చే దారిలోనో, ఆ నీళ్లలోనో ఉంటుంది.

కరెంటు సంగతి ముందు చూసుకోండి. చాలా కూలర్ పంపులకు రెండు వైర్లే ఉంటాయి, ఎర్త్ వైరు ఉండదు. ఇనుప మెషీన్, తడి చేతులు, 230 వోల్టులు. మెషీన్ బాడీకి ఎర్తింగ్, లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) లేకుండా పంపు ప్లగ్గు పెట్టొద్దు. పంపు ఆన్ చేయగానే ఆర్‌సీసీబీ పడిపోతుంటే పంపులోకి నీళ్లు దిగాయనే అనుకోండి. ఆ పంపు పారేసి కొత్తది తెచ్చుకోండి. ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ ఇచ్చే పని మాత్రం చేయొద్దు.

నాజిల్ దగ్గర ధార రావట్లేదు, చుక్కలే పడుతున్నాయి

పంపు డబ్బా మీద హెడ్ 1.8 మీటర్లు అనో, అటూ ఇటుగానో రాసి ఉంటుంది. అంత ఎత్తు వరకు ధార వస్తుందని కాదు, అంత ఎత్తుకి వెళ్లేసరికి ధార సున్నా అవుతుందని దాని అర్థం. డబ్బా నేల మీద ఉంది, బెంచ్ ఎత్తు 85 సెంటీమీటర్లు, దాని మీద నాజిల్ మరో 40 అనుకోండి. పంపు బలంలో సగానికి పైగా ఎత్తుకే సరిపోయింది. ఇక సన్నటి పైపు వేస్తే మిగిలింది కూడా పైపులోనే పోతుంది.

డబ్బాను స్టూలు మీదకి ఎక్కించండి. లెక్కలోకి వచ్చేది డబ్బాలో నీటి మట్టం నుంచి నాజిల్ దాకా ఉన్న ఎత్తే. అయితే ట్రే నుంచి నీళ్లు దిగే రంధ్రం కన్నా డబ్బా కిందే ఉండాలి, లేకపోతే తిరిగి రావు. పైపు చివరిదాకా 12 మిల్లీమీటర్లదే వాడి, నాజిల్ మూతి ఒక్కటే సన్నగా పెట్టండి.

నిన్నటిదాకా బాగా వచ్చి ఇవాళ తగ్గిందా? పంపు ముందు మూత లాగితే ఊడొస్తుంది, లోపల చిన్న ప్లాస్టిక్ రెక్కల చక్రం ఉంటుంది. దాని ఇరుసుకి వెంట్రుకంత సన్నటి అల్యూమినియం చిప్ (కోసినప్పుడు రాలే తునక) చుట్టుకున్నా చాలు, మోటారు గుయ్యిమంటుంది కానీ చక్రం తిరగదు. ట్వీజర్‌తో తీసేయండి. పంపును డబ్బా అడుగున కాకుండా సగం ఇటుక మీద కూర్చోబెట్టి, నీళ్లు తిరిగొచ్చే చోట నైలాన్ దోమతెర రెండు మడతలు కట్టండి. ఇనుము పనైతే పాత స్పీకర్ అయస్కాంతం కూడా అక్కడే పెట్టండి. డబ్బా కడిగి నింపాక అసలే రాకపోతే అది గాలి పట్టడం. పంపును నీళ్లలోనే ఒకసారి పక్కకి వంచితే బుడగలు పోతాయి.

ధార తగ్గించడానికి వాల్వు బాగా బిగించే అలవాటుంటే పంపు పక్కనే పైపుకి ఒక టీ జాయింట్ (మూడు దారుల ముక్క) వేసి, మిగిలిన నీళ్లు డబ్బాలోకే పడేలా చేయండి. లేదంటే పంపు వేడెక్కుతుంది.

బెంచ్ కింద మడుగు, డబ్బాలో నీళ్లు తక్కువ

దీనికి పెట్టే ఖర్చే అసలు ఖర్చు. బెంచ్ మిల్లుల్లో చాలావాటికి టేబుల్ చుట్టూ నీటి కాలువ ఉండదు. నీళ్లు టీ-స్లాట్ల (టేబుల్ మీద పొడవునా ఉండే గాడుల) వెంట పారి రెండు కొసల నుంచీ కారతాయి. పైగా టేబుల్ ఎడమకీ కుడికీ జరుగుతుంటుంది కాబట్టి కారే చోటు కూడా జరుగుతుంది. కాబట్టి కింద ట్రే కొలత టేబుల్ పొడవుకి తీసుకుంటే చాలదు, టేబుల్ రెండు వైపులా పూర్తిగా జరిగినప్పుడు ఎక్కడిదాకా వస్తుందో అంత కావాలి. అంత చోటు లేకపోతే స్లాట్లకి ఒక కొసన రబ్బరు ముక్క కోసి దూర్చేయండి. రెండో కొసన రేకుతో చిన్న దోనె బిగించి, దాన్నుంచి మెత్తటి పైపు డబ్బాలోకి వదలండి. దిగే పైపు ఎక్కే పైపు కన్నా లావుగా, 25 మిల్లీమీటర్లకి తగ్గకుండా ఉండాలి. మూతికి సింకు జాలి పెట్టండి.

చిందేదాన్ని ఆపడానికి పాత ఫ్లెక్సీ బ్యానర్ కోసి మూడు వైపులా వేలాడదీస్తే చాలు. మెషీన్ వెనక కంట్రోల్ బాక్స్ ఉంటే ముందు దాన్ని కప్పండి. స్పీడ్ కంట్రోల్ బోర్డు మీద కూలెంట్ పడితే కూలెంట్ సెట్ అంతటికీ అయిన ఖర్చు కన్నా ఎక్కువ వదులుతుంది.

సోమవారం షెడ్డు తలుపు తీస్తే కుళ్లిన గుడ్ల వాసన

మెషీన్ స్లైడ్లకి వేసే ఆయిల్ కొట్టుకొచ్చి కూలెంట్ మీద తెట్టులా పరుచుకుంటుంది. కింద గాలి అందదు. గాలి లేని చోట బతికే బాక్టీరియా పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. ఆదివారం పంపు ఆగి ఉంటుంది కనుక సోమవారం గుప్పుమంటుంది. పైన తేలిన నూనెను పాత టవలుతోనో, గరిటెతోనో తీసేసి, సెలవు రోజుల్లో చేపల తొట్టి గాలి పంపు ఒకటి వేసి ఉంచండి. వాసన అప్పటికే ముదిరిపోతే మందులు పోసి కాపాడాలని చూడొద్దు. అంతా తీసి, డబ్బా, పైపులు కడిగి కొత్తది కలపండి. పాతదాన్ని మురికి కాలువలో పోయకండి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకి ఇవ్వండి.

కలిపిన కూలెంట్ విరిగిన పాలలా తేలింది

ఒకటి, కలిపే వరస. నీళ్లలో ఆయిల్ పోస్తూ కలపాలి. ఆయిల్‌లో నీళ్లు పోస్తే సరిగ్గా కలవదు. రెండోది, మన బోరు నీళ్లు. అందులోని కాల్షియం, మెగ్నీషియం ఆయిల్‌ని విడగొట్టి జిడ్డు ముద్దలు చేస్తాయి. ఆర్‌ఓ నీళ్లు వాడండి. ఆర్‌ఓ మెషీన్ వదిలే వేస్ట్ నీళ్లు బోరు నీళ్ల కన్నా అధ్వానం, పొదుపని అవి పట్టకండి. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం నిక్షేపంగా పనికొస్తాయి.

మరీ మెత్తటి (ఖనిజాలు బాగా తక్కువున్న) నీళ్లతో కొన్ని ఆయిళ్లు నురగ కడతాయి. నురగకి ఇంకా మామూలు కారణం ఏమిటంటే, తిరిగొచ్చే నీళ్లు ఎత్తు నుంచి పడటం. ఆ పైపు కొస నీటిలో మునిగేలా పెట్టండి.

టేబుల్ మీద వైస్ (ముక్కను బిగించి పట్టేది) ఆకారంలో తుప్పు

ఆయిల్ పలచనైంది. మామూలు సొల్యూబుల్ ఆయిల్ పది లీటర్ల నీళ్లకి అర లీటరు, అంటే సుమారు 5 శాతం. డబ్బా మీద వేరే లెక్క ఉంటే అదే పాటించండి. రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్ చిక్కదనం చూపే పరికరం) ఉంటే కొలవడం తేలిక. కొన్ని ఆయిళ్లకి దాని రీడింగ్‌ని ఆ ఆయిల్‌కి ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించాలి. ఎండాకాలం నీళ్లు ఆవిరై మందం పెరుగుతుంది, అప్పుడు వట్టి నీళ్లు కాకుండా పలచగా కలిపిన కూలెంట్ పోయండి. ఎక్కువ ఉంటే మంచిదేగా అని చిక్కగా కలిపినా తిప్పలే. చేతుల చర్మం పగులుతుంది.

ఎంత సరిగ్గా కలిపినా వైస్ కింద చిక్కిన తడి ఆరదు. వారానికోసారి వైస్ ఎత్తి, తుడిచి, స్లైడ్ ఆయిల్ రాసి పెట్టండి. స్లైడ్లకీ మళ్లీ ఆయిల్ వేయాలి, కూలెంట్ దాన్ని కడిగేస్తుంది.

కూలెంట్ పెట్టాక కార్బైడ్ కట్టర్లే ముందు పోతున్నాయి

ధార ఆగుతూ వస్తే కార్బైడ్ ఎర్రగా కాగుతూ, చటుక్కున చల్లారుతూ అంచుకు అడ్డంగా వరుస పగుళ్లు తేలుతుంది. నిండు ధార ఆపకుండా ఇవ్వగలిగితేనే ఇవ్వండి. లేకపోతే స్టీల్ మీద కూలెంట్ మానేసి, కంప్రెసర్ గాలితో చిప్స్ ఊదేస్తే చాలు. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) కట్టర్‌కి ఈ బాధ లేదు, దానికి చుక్కలైనా మేలే. అల్యూమినియంకి ఏ కట్టర్ అయినా తడి కావాల్సిందే, లేకపోతే లోహం పళ్లకి అతుక్కుంటుంది.

కాస్ట్ ఐరన్ పనికి పంపు అసలు ఆన్ చేయకండి. దాని పొడి కూలెంట్‌లో కలిసి నల్లటి బురదై పంపునీ దోమతెరనీ ఒకేసారి పూడ్చేస్తుంది. పొడిగానే కోసి, వాక్యూమ్ క్లీనర్‌తో తీసేయండి.