ఈతకు, అంటే పిల్లలు పెట్టించడానికి, వాడిన పడుచు ఆడ గుర్రాన్ని సవారీకి కొంటున్నారా? ఎక్కేముందు ఇది చదవండి

పోయిన నెల ఉండవల్లి దాటాక కరకట్ట మీద ఒక కుర్రాడు గుర్రం మీది నుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. అయిదేళ్ల మార్వాడీ జాతి ఆడ గుర్రం, ఒక ఈత అయింది. ఇంటికి తెచ్చి మూడు రోజులే. వెనక నుంచి ఇసుక ట్రాక్టరు హారన్ కొట్టింది, గుర్రం పక్కకు దూకింది. ఆసుపత్రి వరండాలో వాళ్ల నాన్న నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగాడు: "మా మనవరాలు దాని పొట్ట కిందుగా దూరి వెళ్లేదండీ, అంత సాధువు. ఇట్టా ఎందుకు చేసింది?"

ఆయనకు ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే గుర్రాల సంతల కాలం వచ్చేసింది. కార్తీకంలో రాజస్థాన్ పుష్కర్, ఆ వెనకే మార్గశిరంలో మహారాష్ట్ర సారంగ్‌ఖేడా. అక్కడి నుంచి మన విజయవాడ, గుంటూరు వైపు దిగే గుర్రాల్లో పెంపకందార్లు వదిలించుకునే పడుచు ఆడ గుర్రాలు కూడా ఉంటాయి. వయసులో ఉంటుంది, నెమ్మదిగా ఉంటుంది, ధర అందుబాటులో ఉంటుంది. మొదటి గుర్రం కొనేవాళ్ల చూపు వాటి మీదే పడుతుంది.

గుర్రం వెనకగా వెళ్లొద్దు, అరచెయ్యి చాపి మేత పెట్టండి లాంటివి మీకు తెలుసు, వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే. మచ్చిక వేరు, సవారీ వేరు.

ఈతకు ఉంచిన గుర్రాన్ని రోజూ మనుషులు ముట్టుకుంటారు. పొదుగు చూస్తారు, పిల్లను పట్టుకుంటారు, డాక్టరు పరీక్ష చేస్తాడు. అందుకే అది మనిషిని చూసి బెదరదు. కానీ దాని వీపు మీద బరువు పడి ఉండకపోవచ్చు. కడుపు కింద పట్టీ బిగిస్తే ఎలా ఉంటుందో, నోట్లో కళ్లెం లాగితే ఎటు తిరగాలో దానికి ఎవరూ నేర్పి ఉండకపోవచ్చు. వీపు మీదికి ఏదైనా దూకితే అది పులేనని దాని ఒంట్లో రాసి ఉంది, ఆ భయం శిక్షణతో పోవాలే తప్ప బెల్లం ముక్కతో పోదు. కరకట్ట మీద పడిన కుర్రాడితో కలిపి ఇలా పడ్డవాళ్లను నలుగురిని చూశాను. నలుగురూ చెప్పింది ఒకటే, "చాలా మంచిదండీ." మంచిదే. దానికి సవారీ రాదు, అంతే.

కొనేముందు

అమ్మేవాళ్ల మనిషినే ముందు ఎక్కమనండి. మీ కళ్ల ముందు జీను కట్టాలి, ఎక్కాలి, నడిపించాలి, పరిగెత్తించాలి, ఆపాలి, దిగాలి. అదీ పిల్లకు, తోటి గుర్రాలకు కనుచూపు మేరలో కాదు, దూరంగా తీసుకెళ్లి. మంద పక్కన బుద్ధిగా నడిచేదే మంద కనపడకపోతే సకిలిస్తూ వెనక్కి తిరుగుతుంది. "ఇవాళ అలిసిపోయింది", "ఎక్కేవాడు ఊరెళ్లాడు" అంటే రేపు రండి, ఎల్లుండి రండి. అమ్మేవాడు ఎక్కని గుర్రాన్ని మీరు ఎక్కకండి.

చూడి పరీక్ష చేయించండి. ఆడ గుర్రం ఈనిన వారం పది రోజులకే మళ్లీ ఎదకు వస్తుంది. అప్పుడే మగ గుర్రంతో దాటించి ఉంటే, ఆరు నెలలకు పిల్లను విడదీసి మీకు అమ్మేనాటికి అది అయిదు నెలల పైబడిన చూడిది. గుర్రం మోసేది సగటున 340 రోజులు, చాలావాటికి ఏడో ఎనిమిదో నెల దాకా కడుపు బయటపడదు. మేత ఎక్కువై పొట్ట వచ్చిందని మీరు దౌడు తీయిస్తారు. స్కానింగ్‌లో రెండు వారాలకే తెలిసిపోతుంది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, గుర్రాలు చూసిన డాక్టరు ఎవరో అక్కడ వాకబు చెయ్యండి.

ఎందుకు అమ్ముతున్నారో అడగండి. అంతకన్నా ముఖ్యం, అసలు ఈతకు ఎందుకు పెట్టారో అడగండి. కాలు దెబ్బతిని సవారీకి పనికిరాక ఈతకు వదిలేసిన గుర్రాలు ఉంటాయి. గట్టి నేల మీద, తారు రోడ్డు మీద అయితే మరీ మంచిది, పగ్గం వదులుగా పట్టి పరిగెత్తించి చూడండి. అడుగు పడ్డప్పుడల్లా తల ఎగరేస్తుంటే ముందు కాలు నొప్పి.

పళ్లు మీరే చూడండి. ముందు వరసలో నడిమి పాల పళ్లు రెండున్నరేళ్లకు, పక్కవి మూడున్నరకు, చివరివి నాలుగున్నరకు ఊడి అసలు పళ్లు వస్తాయి. "ఆరేళ్లది" అని చెప్పిన గుర్రానికి చివర పాల పళ్లు ఉంటే అది చిన్నపిల్ల. వెన్నుపూసలు పూర్తిగా గట్టిపడేది అయిదారేళ్లకు. ఆలోపే ఈని, ఆ వెంటనే మనిషిని మోస్తే నడుము దిగుతుంది.

రక్తపరీక్ష లేకుండా ఇంటికి తేవద్దు. గ్లాండర్స్ మనిషికీ సోకే జబ్బు, టీకా లేదు, తేలితే పశువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 చట్టం ప్రకారం గుర్రాన్ని చంపేయాల్సిందే. దీనికి పరీక్ష చేసే జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం హర్యానాలోని హిసార్‌లో ఉంది, నమూనా డాక్టరు ద్వారా పంపించాలి. జోరీగల వల్ల వచ్చే సర్రా జబ్బుకు కూడా పరీక్ష చేయించండి. సుడులు చూసేవాడికి ఇచ్చే డబ్బు దీనికి పెట్టండి.

తెచ్చాక

మొదటి నెల ఎక్కకండి. లారీలో వెయ్యి కిలోమీటర్ల పైన నిలబడి వచ్చింది, పిల్లను వదిలి వచ్చింది, నీళ్లు మారాయి. ముందు నడిపించండి. తర్వాత పొడవు తాడుతో గుండ్రంగా తిప్పండి. తర్వాత ఖాళీ జీను. ఆ తర్వాత జీను మీద ఇసుక మూట. చివరికి మనిషి, అదీ కంచె ఉన్న చోట. ఈని, పాలిచ్చిన ఒంట్లో పొట్ట కండరాలు సడలి ఉంటాయి, వీపును పైకి నిలబెట్టేది ఆ కండరాలే. అవి బిగవడానికి నెలలు పడుతుంది. ఈలోపు మీకు సవారీ కావాలనిపిస్తే సవారీ వచ్చిన గుర్రం అద్దెకు తీసుకోండి.

మేత ఒక్కసారిగా మార్చకండి. అక్కడి దాణాతో మొదలుపెట్టి పది రోజుల్లో మెల్లగా ఇక్కడిదానికి తేండి. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయింది లోపలే తిప్పలు పెడుతుంది. బూజు పట్టిన వరిగడ్డి పెట్టకండి. పొట్ట వైపు తిరిగి చూసుకుంటూ, పొర్లుతూ ఉంటే ఆ రాత్రే డాక్టరును పిలవండి, తెల్లారనివ్వకండి.

పిల్లను ఈమధ్యే విడదీసి ఉంటే రోజూ పొదుగు తడిమి చూడండి. వేడిగా, గట్టిగా ఉంటే చూపించండి.

ధనుర్వాతం టీకా ఎప్పుడు వేశారో కాగితం అడగండి, లేకపోతే వేయించండి.

జీను దాని వీపుకు కొలిచి తీసుకోండి, పాత గుర్రం జీను వేయకండి.

మనిషీ జీనూ కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదు.

చెప్పులతో రికాబులో కాలు పెట్టకండి. కాలు దూరిపోతే పడ్డా విడిపోరు, ఈడ్చుకుపోతుంది.

బైకు హెల్మెట్ కాదు, సవారీ హెల్మెట్.

పగ్గాన్ని చేతికి చుట్టుకోకండి.

ఎదకు వచ్చిన రోజుల్లో కొత్త పాఠం మొదలుపెట్టకండి. వేసవిలో మూడు వారాలకోసారి వస్తుంది, క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

ఎండాకాలం మధ్యాహ్నం బయటికి తీయకండి. 45 డిగ్రీలు తాకే ఊరు మనది.

కరకట్ట మీదికి మొదటి మూడు నెలలు వద్దు. ట్రాక్టర్లు, కుక్కలు, డీజే బండ్లు.

పెళ్లి ఊరేగింపుకి అద్దెకు ఇవ్వకండి.

పండక్కి వచ్చిన చుట్టాలను ఎక్కించకండి. "ఒక్క ఫొటో" అన్నా ఎక్కించకండి. పసిపిల్లను ముందు కూర్చోబెట్టుకుని అసలే వద్దు.

పొట్ట కింద దూరినా ఏమీ అనలేదని చెప్పకండి నాకు. అది మచ్చిక. అమ్మేవాడు ఎక్కాడా? దూరంగా, మంద కనపడని చోట ఎక్కాడా? మీ ఎదురుగా ఎక్కాడా? ఈ మూడింటికీ అవును అనలేకపోతే బయానా ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, గుర్రం లారీ దిగక ముందే సవారీ నేర్పే మనిషిని మాట్లాడుకోండి, అతను చెప్పేదాకా జీను గోడకే వేలాడనివ్వండి.