ఇంట్లో గోల్ఫ్ సిమ్యులేటర్‌కు కంప్యూటర్‌ను ఎలా ఎంచుకోవాలి?

కొంపల్లి నుంచి గోల్కొండ నయా ఖిల్లాలోని గోల్ఫ్ మైదానానికి వెళ్లి ఆడి రావాలంటే ఒక పూట పోతుంది. వేసవిలో పొద్దెక్కితే నిలబడలేం, వానాకాలంలో మబ్బు చూసుకుని బయలుదేరాలి. అందుకే మా అన్నయ్య మేడ మీది గదిలో సిమ్యులేటర్ పెట్టుకున్నాడు. నిజమైన బంతిని తెర మీదికి కొడితే, అది మైదానంలో ఎటు పోయేదో ఆ తెర మీదే చూపించే ఏర్పాటు అది. అయితే తెర, ప్రొజెక్టర్ ఏవో తేల్చుకోకముందే కంప్యూటర్ కొనేశాడు. దుకాణంలో చూపినవాటిలో అన్నిటికంటే ఖరీదైన ప్రాసెసర్ ఎంచుకున్నాడు. గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వచ్చేసరికి చేతిలో డబ్బు తరిగిపోయింది. మొదటి రోజు బంతి కొడితే తెర మీద అది చక్కగా పైకి లేచింది కానీ, చెట్ల వరుస కనిపించగానే బొమ్మ ఆగి ఆగి కదిలింది. దాన్ని సరిచేయడానికి నేను మూడు ఆదివారాలు కూర్చోవలసి వచ్చింది. ఆ మూడు ఆదివారాల్లో నేర్చుకున్నది మీకు ముందే తెలిస్తే మీ డబ్బు మిగులుతుంది.

అసలు మాట ఇది: ఈ మొత్తం సరంజామాలో కంప్యూటర్‌ను చివర కొనాలి. గదిని బట్టి తెర, తెరను బట్టి ప్రొజెక్టర్, ప్రొజెక్టర్‌ను బట్టి గ్రాఫిక్స్ కార్డు ఖాయమవుతాయి. బంతిని గమనించే పరికరాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ ఖాయమవుతుంది. ఇవన్నీ తేలితే కంప్యూటర్ ఎలాంటిది కావాలో దానంతట అదే తేలుతుంది.

మొదట టేపు పట్టుకోండి

మన అపార్ట్‌మెంట్లలో అంతస్తు ఎత్తు సాధారణంగా 10 అడుగులు. శ్లాబు మందం పోగా తొమ్మిదిన్నర మిగులుతుంది, ఫాల్స్ సీలింగ్ ఉంటే ఇంకా తగ్గుతుంది. డ్రైవర్‌ను (అన్నిటికంటే పొడుగైన గోల్ఫ్ కర్రను) పూర్తిగా ఊపడానికి చాలామందికి కనీసం 9 అడుగులు కావాలి, పొడగరులకు 10 ఉంటే మంచిది. ఇంట్లో అందరికంటే పొడుగైన వారిని నిలబెట్టి, నెమ్మదిగా క్లబ్ (గోల్ఫ్ కర్ర) ఊపించి చూడండి. ఫ్యాను ఉంటే తీయించాల్సిందే.

పొడవు కూడా రాసి పెట్టుకోండి. గది పొడవును బట్టే తరువాతి నిర్ణయం ఉంటుంది.

బంతిని చూసే కన్ను

బంతిని గమనించే పరికరాలను లాంచ్ మానిటర్లు అంటారు, అవి ప్రధానంగా రెండు రకాలు. రాడార్‌తో పనిచేసేవి బంతి వెనుక ఉండి, అది ఎగిరే దారిని కొంత దూరం వెంబడించి లెక్క కడతాయి. గార్మిన్ ఆర్10, ఫ్లైట్‌స్కోప్ మెవో ప్లస్ ఇలాంటివి. వీటికి బంతి వెనుక 6 నుంచి 8 అడుగులు, బంతి ముందు కనీసం 8 అడుగులు ఉండాలి. కెమెరాతో పనిచేసేవి బంతి పక్కనో పైకప్పుకో ఉండి, దెబ్బ తగిలిన క్షణంలో ఫొటోలు తీసి వేగం, కోణం, తిరుగుడు పసిగడతాయి. స్కైట్రాక్, ఫోర్‌సైట్ జీసీ3 పక్కన పెట్టేవి. యూనీకోర్ ఐ ఎక్స్‌ఓ పైకప్పుకు బిగించేది. పొట్టి గదికి కెమెరా పరికరమే సరైనది.

దుకాణాల్లో తరచూ తప్పుగా చెప్పే విషయం ఒకటి ఉంది. బంతి కొలతలు కచ్చితంగా రావాలంటే బలమైన కంప్యూటర్ కావాలంటారు. చిన్న పరికరాల్లో ఆ కొలత పని చాలావరకు పరికరమే చేస్తుంది. కొట్టిన తరువాత తెర మీద బంతి కదలడానికి పట్టే ఆలస్యంలో ఎక్కువ భాగం కూడా దానిదే. కంప్యూటర్ ప్రధానమైన పని బొమ్మ గీయడం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే ఖర్చు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

సాఫ్ట్‌వేర్‌ను కూడా ఇప్పుడే తేల్చుకోండి. జీఎస్‌ప్రో విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. ఈ6 కనెక్ట్ విండోస్‌తో పాటు ఐప్యాడ్ మీద కూడా నడుస్తుంది. ఆర్10 లాంటివి ఫోనుతో కూడా పనిచేస్తాయి. ఆట కొత్తగా నేర్చుకుంటున్నవారు మొదటి రెండు మూడు నెలలు ఫోనో టాబ్లెట్టో పెట్టుకుని వలలోకి కొట్టడమే మేలని నా అభిప్రాయం. అప్పటికీ ఆసక్తి నిలిస్తే కంప్యూటర్ గురించి ఆలోచించవచ్చు.

తెర ఆకారం, చుక్కల లెక్క

10 అడుగుల వెడల్పున్న తెర మీద 16:9 నిష్పత్తిలో బొమ్మ వేస్తే ఎత్తు 5.6 అడుగులే వస్తుంది. 16:10 అయితే 6.25, 4:3 అయితే 7.5 అడుగులు. బంతి పైకి లేచే ఆట కాబట్టి ఎత్తు ఎక్కువున్న తెర కంటికి సహజంగా ఉంటుంది. గది వెడల్పు తక్కువగా ఉన్న మన ఇళ్లలో 16:10 గానీ 4:3 గానీ కుదురుతుంది. ప్రొజెక్టర్ దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేదే త్రో నిష్పత్తి. అది 0.8 ఉన్న ప్రొజెక్టర్‌ను 10 అడుగుల తెరకు 8 అడుగుల దూరంలో బిగించాలి. ఆటగాడు అంతకంటే వెనుక నిలబడితే నీడ పడదు.

ఇక 4కె కావాలా అన్న ప్రశ్న. సాధారణ ఫుల్ హెచ్‌డీ బొమ్మలో దాదాపు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. 4కెలో దానికి సరిగ్గా నాలుగింతలు, అంటే దాదాపు 83 లక్షలు. గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 60 సార్లు ఈ చుక్కలన్నిటికీ రంగు లెక్క కట్టాలి. 10 అడుగుల తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్క ఒక్కొక్కటి ఒకటిన్నర మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటుంది. 10 అడుగుల దూరం నుంచి శ్రద్ధగా చూస్తే కనబడుతుంది కానీ, బంతి దెబ్బను ఆపే తెర నేత దాన్ని కొంత మెత్తబరుస్తుంది. పగటిపూట గదిలో వెలుగు ఉంటుందనుకుంటే, 4కె కోసం పెట్టే డబ్బును ఎక్కువ వెలుతురున్న ప్రొజెక్టర్‌కు పెట్టండి. నేను అన్నయ్యకు చెప్పింది ఇదే, దానికి మేమిద్దరం ఈ రోజు వరకు చింతించలేదు.

డబ్బు పెట్టవలసిన చోటు: గ్రాఫిక్స్ కార్డు

గోల్ఫ్ ఆట నెమ్మదైనది కదా, చిన్న కార్డు చాలదా అని అడుగుతారు. ఆట నెమ్మదైనదే కానీ దృశ్యం బరువైనది. ఎకరాల కొద్దీ గడ్డి, వందల చెట్లు, ప్రతి ఆకుకూ నీడ, చెరువులో ప్రతిబింబం. బంతితో పాటు దృశ్యం ఎత్తుకు లేచినప్పుడు ఇవన్నీ ఒక్కసారిగా కంటి ముందుకు వస్తాయి. జీఎస్‌ప్రోలో ఔత్సాహికులు లైడార్ (లేజర్‌తో నేలను కొలిచే పద్ధతి) కొలతలతో తయారుచేసిన కోర్సులు, అంటే గోల్ఫ్ మైదానాల నమూనాలు, చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని కార్డును గట్టిగానే పరీక్షిస్తాయి.

ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్‌కు, 16:10లో 1920×1200 ప్రొజెక్టర్‌కు ఎన్విడియా కంపెనీ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 4060 గానీ 5060 గానీ సరిపోతుంది. రెండింటికీ 8 జీబీ జ్ఞాపకశక్తి ఉంటుంది. 4కెకు 4070, 5070 స్థాయి నుంచి మొదలుపెట్టాలి, 12 జీబీ ఉండాలి. పాత ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ రకం మంచి ధరకు దొరికితే ఫుల్ హెచ్‌డీకి అదీ పనికొస్తుంది. పేరు చూసి మోసపోకండి: ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 8 జీబీ, 6 జీబీ రకాలు రెండూ అమ్ముతారు. వాటి తేడా జ్ఞాపకశక్తిలోనే కాదు, రెండోది బలంలో కూడా తక్కువ. సెకనుకు 144 బొమ్మలు చూపే ఆటల కార్డు మీకు అక్కరలేదు. ఈ పనికి కొనే ప్రొజెక్టర్లలో ఎక్కువ 60 దగ్గరే ఆగుతాయి, ఈ ఆటకు అది చాలు.

మా మొదటి ఆదివారం సంగతి ఇక్కడ చెప్పాలి. కంప్యూటర్ వెనుక చూస్తే హెచ్‌డీఎంఐ తీగ మదర్‌బోర్డుకు పెట్టి ఉంది! కొన్న కార్డు ఒక్క చుక్క కూడా గీయడం లేదు. బొమ్మ భారమంతా ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ మోస్తోంది. బిగించినవారు అలాగే వదిలి వెళ్లారు. వెనుక నిలువుగా ఉన్న సాకెట్ల వరుస మదర్‌బోర్డుది, దానికి కింద అడ్డంగా ఉన్నవి కార్డువి. తీగను అడ్డవరుసకు మార్చగానే సగం బాధ తీరింది. రెండో ఆదివారం సెట్టింగుల్లో గడ్డి సాంద్రత, నీడల నాణ్యత తగ్గించాం, ఇంకొంత మెరుగుపడింది. మూడో ఆదివారం ఆ కార్డు తీసేసి పెద్దది వేశాం. ఆ వరుసలోనే మీరు కూడా చేయండి: తీగ చూసి, సెట్టింగులు మార్చి, ఆ తరువాతే డబ్బు తీయండి.

మిగతా భాగాలు

ప్రాసెసర్‌కు 6 కోర్లు చాలు. ఇంటెల్ కోర్ ఐ5 12400ఎఫ్, రైజెన్ 5 7600 వంటివి ఈ పనికి నిండుగా సరిపోతాయి. ర్యామ్ 16 జీబీ, అది కూడా 8 జీబీవి రెండు ముక్కలుగా తీసుకోండి. ఒకే ముక్క వేస్తే వేగం తగ్గుతుంది. స్వింగ్‌ను కెమెరాలతో రికార్డు చేయాలనుకుంటే 32 జీబీ. నిల్వకు 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) మాత్రం పేరున్న కంపెనీది, 550 నుంచి 650 వాట్లది కొనండి. క్యాబినెట్‌లో మెరిసే రంగుల దీపాలకు పైసా పెట్టవద్దు. చీకటి గదిలో అవి తెర మీద పడి చికాకు కలిగిస్తాయి.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే పారేయకముందు చూడండి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరుతో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం గానీ ఆ తరువాతిది గానీ కావాలి. ఇవి ఉంటే కార్డు, అవసరమైతే ఎస్‌ఎంపీఎస్ మార్చి నడిపించవచ్చు.

ల్యాప్‌టాప్ కావాలనుకునేవారు ఒకటి గమనించాలి. ల్యాప్‌టాప్‌లలో ఆర్‌టీఎక్స్ 4060కు తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా ఇవ్వవచ్చు. ఒకే పేరున్న రెండింటి మధ్య తేడా చాలా ఉంటుంది కాబట్టి వాట్లెన్నో అడిగి రాయించుకోండి. సిమ్యులేటర్‌ను కదపనివారికి డెస్క్‌టాపే నా సలహా. ల్యాప్‌టాప్‌లో కార్డు మార్చడం దాదాపు కుదరని పని.

తీగలు, వైఫై

తక్కువ ధర మదర్‌బోర్డుల్లో చాలావాటికి వైఫై, బ్లూటూత్ ఉండవు. లాంచ్ మానిటర్ చేతికొచ్చాక ఈ సంగతి తెలిస్తే బాధ కలుగుతుంది, కాబట్టి రెండూ ఉన్న బోర్డే అడగండి. మెవో ప్లస్ లాంటివి తమ సొంత వైఫైని ప్రసారం చేస్తాయి. కంప్యూటర్ దానికి కలిస్తే ఇంటి వైఫై తెగిపోతుంది. అప్పుడు ఇంటర్నెట్‌కు లాన్ (నెట్‌వర్క్) తీగ వేయించాలి. పైకప్పు పరికరాలకు కూడా లాన్ తీగే. అది 100 మీటర్ల దాకా నమ్మకంగా పోతుంది, యూఎస్‌బీ తీగ 5 మీటర్లు దాటితే నమ్మలేం.

ప్రొజెక్టర్‌కు హెచ్‌డీఎంఐ తీగ గోడ వెంట, పైకప్పు మీదుగా తిరిగి సులభంగా 10 మీటర్లు అవుతుంది. ఆ పొడవుకు 4కె బొమ్మ మామూలు రాగి తీగలో మినుకుమంటుంది, ఆప్టికల్ ఫైబర్ రకం కొనాలి. దానికి రెండు కొనలూ ఒకటి కావు. కంప్యూటర్ వైపు ఏదో, ప్రొజెక్టర్ వైపు ఏదో రాసి ఉంటుంది. గోడలో పూడ్చకముందే వేసి చూడండి.

ఎండ, దుమ్ము, కరెంటు

కంప్యూటర్, ప్రొజెక్టర్ కలిసి ఆడుతున్నంతసేపూ ఐదారు వందల వాట్ల వేడిని గదిలోకి వదులుతాయి. మేలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, శ్లాబు కింది గదిలో ఇది చిన్న విషయం కాదు. ముందు భాగం జాలీగా ఉండి, తీసి కడిగే దుమ్ము వడపోత ఉన్న క్యాబినెట్ తీసుకోండి. పక్కన ఎక్కడ కట్టడం జరుగుతున్నా సిమెంటు దుమ్ము మీ ఇంటికే వస్తుంది, కాబట్టి నెలకోసారి శుభ్రం చేయండి. క్యాబినెట్‌ను ఆటగాడి వెనుక, నేలకు అడుగు పైన పెట్టండి. గోల్ఫ్ బంతి దాదాపు 46 గ్రాములే కానీ, గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో తెర చట్రానికి తగిలి వెనక్కి వస్తే అద్దం తలుపున్న క్యాబినెట్ నిలవదు.

ఇంటి ఇన్వర్టర్‌కు కలిపేవారు దాని వెనుక మీట యూపీఎస్ వైపు ఉందో లేదో చూసుకోండి. ఇంకో వైపు ఉంటే కరెంటు మారే లోపే కంప్యూటర్ ఆగిపోతుంది. విడిగా యూపీఎస్ కొంటే 1000 వీఏ ఉన్నది ఒక్క కంప్యూటర్‌కు, లాంచ్ మానిటర్‌కు సరిపోతుంది. ప్రొజెక్టర్‌ను దానికి కలపకండి.

కొనడం, పరీక్షించడం

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పూట తిరిగితే భాగాలన్నిటికీ ధరలు పోల్చుకోవచ్చు. భాగాల పేర్లు తెలుగులోనో ఇంగ్లీషులోనో పూర్తి నమూనా సంఖ్యతో కాగితం మీద రాసుకుని, ఒకే కాగితాన్ని మూడు నాలుగు చోట్ల చూపండి. బిల్లులో ప్రతి భాగం క్రమసంఖ్య విడిగా ఉండాలి. "మొత్తం అసెంబుల్డ్ సిస్టమ్" అని ఒక్క వరుసలో రాసిస్తే రేపు కార్డు పాడైనప్పుడు వారంటీ అడగడం కష్టమవుతుంది.

ఇంటికి తెచ్చాక బిల్లు తేదీ నుంచి మొదటి వారంలోనే ఈ పరీక్ష చేయండి. మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ ఆపి, చెట్లు ఎక్కువున్న కోర్సు పెట్టి, గంటసేపు ఆగకుండా ఆడండి. టాస్క్ మేనేజర్‌లో కార్డు ఉష్ణోగ్రత చూస్తూ ఉండండి. 85 డిగ్రీల లోపు ఉండి, బొమ్మ తడబడకపోతే నిశ్చింతగా ఉండవచ్చు. అంతకు మించితే ఫ్యాన్లు చూపించడానికి బిల్లు తీసుకుని అదే వారం దుకాణానికి వెళ్లండి.