మూత్రంలో మంట: మాత్ర కంటే ముందు కల్చర్ డబ్బా

ఒంటికి వెళ్తే చురుక్కుమంటోందంటే "వేడి చేసింది" అని బార్లీ నీళ్ళు, సబ్జా నీళ్ళు తాగుతాం. తప్పేం లేదు, మూత్రం పలచబడి మంట కొంత తగ్గుతుంది. రెండోరోజుకీ తగ్గకపోతే మందుల షాపుకెళ్ళి పోయినసారి వేసుకున్న నార్‌ఫ్లాక్సాసినో, సిప్రోఫ్లాక్సాసినో తెచ్చుకుంటాం. చిక్కు అక్కడే మొదలవుతుంది. ఈ మూత్ర ఇన్ఫెక్షన్‌కి ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై అనే బాక్టీరియా మన దేశంలో ఆ మాత్రలకి చాలావరకు లొంగడం మానేసింది.

చలిజ్వరం, డొక్కలో నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణులు, మగవాళ్ళు, పిల్లలు, కాథెటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) ఉన్నవాళ్ళు, మళ్ళీ మళ్ళీ వస్తున్నవాళ్ళు కల్చర్‌కి (మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి, అది ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష) శాంపిల్ ఇవ్వకుండా మందు మొదలుపెట్టకపోవడమే మేలు.

శాంపిల్ మొదటి మాత్ర వేసుకోకముందే ఇవ్వాలి. ఒక్క డోసు పడినా కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు, ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ (క్రిములు లేని) డబ్బానే వాడాలి. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆడవాళ్ళయితే ఆ భాగాన్ని ముందు నుంచి వెనక్కి మంచినీళ్ళతో కడుక్కోవాలి. మొదటి ధార వదిలేసి, ఆపకుండానే మధ్య ధారని పట్టాలి. 20 మి.లీ. చాలు. మూత లోపలివైపు వేలు తగలనివ్వకండి. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. ఎండలో స్కూటర్ డిక్కీలో ఉంచితే చర్మం నుంచి పడిన నాలుగు క్రిములే లక్షలై, లేని జబ్బుని రిపోర్టులో చూపిస్తాయి.

రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. "మిక్స్‌డ్ గ్రోత్" (రకరకాల క్రిములు కలిసి పెరిగాయి) అని ఉంటే శాంపిల్ చెడిందనే ఎక్కువగా అర్థం, మళ్ళీ ఇవ్వాలి. మందు పేరు పక్కన ఎస్ ఉంటే పనిచేస్తుంది, ఆర్ ఉంటే చేయదు. ఎస్ ఉన్న ఖరీదైన ఇంజెక్షన్‌ని చూసి అదే కావాలని అడగకండి. నోటి మాత్రకి ఎస్ ఉంటే డాక్టర్ దాన్నే ఎంచుకుంటారు. ఈఎస్‌బీఎల్ అని (కొన్ని యాంటీబయాటిక్‌లని నాశనం చేసే ఎంజైమ్‌ని ఆ క్రిమి తయారుచేస్తోందని అర్థం) రాసి ఉంటే సెఫిక్సిమ్ లాంటివి పనిచేయవు.

మూత్రాశయానికే పరిమితమైన ఇన్ఫెక్షన్‌కి ఇప్పటికీ బాగా పనిచేస్తున్నవి పాత మందులే. నైట్రోఫ్యూరాంటాయిన్ ఎస్ఆర్ 100 మి.గ్రా. ఉదయం, రాత్రి తిన్నాక, 5 రోజులు. లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడిని అరగ్లాసు నీళ్ళలో కలిపి, పడుకోబోయే ముందు ఒంటికి వెళ్ళొచ్చి ఒక్కసారి తాగడం. రెండూ డాక్టర్ చీటీ మీదే. ఇవి కిడ్నీ ఇన్ఫెక్షన్‌కి సరిపోవు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళకి, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్నవాళ్ళకి, నెలలు నిండిన గర్భిణులకి నైట్రోఫ్యూరాంటాయిన్ ఇవ్వరు. దీంతో మూత్రం ముదురు పసుపు, గోధుమ రంగులోకి మారితే కంగారుపడి ఆపేయకండి. 48 గంటల్లో మంట తగ్గకపోతే మాత్రం రిపోర్టు పట్టుకుని మళ్ళీ వెళ్ళాలి.

మంట లేదు, జ్వరం లేదు, హెల్త్ చెకప్‌లో మాత్రం పస్ సెల్స్ (చీము కణాలు) ఎక్కువ కనిపించాయా? అందుకు యాంటీబయాటిక్ అక్కర్లేదు. గర్భిణులకీ, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయించుకోబోయేవాళ్ళకీ కల్చర్‌లో క్రిమి పెరిగితే, ఏ బాధా లేకపోయినా మందు వాడాల్సిందే.