సన్నాహమా, ప్రయత్నమా, కుట్రా? కేసు వాస్తవాలు చదివి తేల్చడం ఎలా?

కత్తి దొరికితే చాలు, హత్యాయత్నం అని రాసేస్తారు. ఇద్దరు ఫోనులో మాట్లాడుకుంటే అది కుట్ర. న్యాయవిద్యార్థుల జవాబు పత్రాల్లో ఏళ్ళ తరబడి ఇవే తప్పులు దిద్దుతున్నాను. ఒక మనిషి జైలుకు వెళ్ళాలా వద్దా అన్నది తేలే చోట ఇంత తొందర పనికిరాదు.

నేరాలు, శిక్షలు చెప్పే చట్టమైన భారతీయ న్యాయ సంహిత ప్రతి, తెల్లకాగితం, పెన్సిలు చాలు. పెన్ను వాడవద్దు, సన్నాహానికీ ప్రయత్నానికీ మధ్య గీసే గీతను జరపవలసి వస్తుంది. సంఘటన 2024 జులై 1కి ముందుదైతే దానికి ముందున్న భారత శిక్షాస్మృతి తీయండి.

మొదట నిందితుడు చేసిన పనులను జరిగిన క్రమంలో, ఒక్కో వరుసలో ఒక్కటి చొప్పున రాయండి. క్రియలు మాత్రమే ఉండాలి: కొన్నాడు, వెళ్ళాడు, తలుపు పగలగొట్టాడు. ‘పథకం ప్రకారం’, ‘కిరాతకంగా’ వంటి మాటలు కొట్టివేయండి. పక్కనే, ఏ నేరం ఉద్దేశంతో చేశాడో, దానికి ఆధారం ఏమిటో రాయండి. ఉద్దేశం తేలకపోతే అక్కడే ఆగండి.

ఇక అసలు కష్టం. సన్నాహం ఎక్కడ ముగిసి ప్రయత్నం ఎక్కడ మొదలైంది? సంహితలోని 62వ సెక్షన్ ప్రయత్నానికి శిక్ష చెబుతుంది గానీ, ఆ గీత ఎక్కడుందో చెప్పదు. అది తీర్పుల్లో వెతుక్కోవాలి.

రెండు కేసులు పక్కపక్కన పెట్టి చదవండి. పంజాబ్ నుంచి అనుమతి లేకుండా వడ్లు తీసుకువెళ్తున్న లారీని సరిహద్దుకు కొన్ని మైళ్ళ ముందే ఆపారు. అది సన్నాహమేనని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళు అప్పటికీ మనసు మార్చుకుని వెనక్కి తిరిగే వీలుంది. రెండోది 1980 నాటి తీర్పు. మహారాష్ట్రలో రాత్రివేళ సముద్రపు పాయ దగ్గర, దొంగతనంగా దేశం దాటించడానికి వెండి కడ్డీలు దించుతుండగా పట్టుకున్నారు, అదే సమయంలో పడవ ఇంజను శబ్దం వినిపించింది. అది ప్రయత్నమేనని కోర్టు తేల్చింది.

రెండింటిలోనూ సరుకు సరిహద్దు దాటలేదు. కాబట్టి మైళ్ళు కొలిచి ప్రయోజనం లేదు. వెండి కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి విడిగా రాసిన అభిప్రాయం తప్పక చదవండి. నేరానికి ఎంత దగ్గరగా వచ్చాడన్నది కాలంతోనో చేసిన పనితోనో కాక, ఉద్దేశంతో కొలవాలంటారాయన. చేసిన పని, చుట్టూ ఉన్న పరిస్థితులతో కలిపి చూసినప్పుడు, ఆ నేరమే చేయబోతున్నాడని చెబుతోందా? మీ కాగితం మీద ఏ వరుస దగ్గర ఈ ప్రశ్నకు ‘అవును’ వస్తుందో, ఆ వరుసకు ముందు గీత గీయండి.

ఇక్కడ మరో రెండు గుంటలున్నాయి. చివరి పని కూడా పూర్తయితేనే ప్రయత్నం అనుకోవడం ఒకటి. భార్యకు తిండి పెట్టకుండా చంపాలనుకున్న భర్తది హత్యాయత్నమేనని 1961లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె బతికి బయటపడింది. నేరం ఎలాగూ పూర్తి కాదు కనుక ప్రయత్నం కూడా లేదనుకోవడం రెండోది. ఖాళీ జేబులో చేయి పెట్టిన దొంగను 62వ సెక్షనే ఉదాహరణగా చూపి శిక్షిస్తుంది.

కొందరు అధ్యాపకులు సన్నాహాన్నీ ప్రయత్నాన్నీ వేరుచేయడానికి వాడే కొలమానాల పేర్లన్నీ కంఠస్థం చేయించి, వరసగా రాయిస్తారు. అవి చదివిన విద్యార్థి పేర్లు చెబుతాడు, గీత మాత్రం గీయలేడు. క్రియల పట్టీ ముందుంటే, ఎదురు వకీలు ఏ వరుస మీద పట్టుబడతాడో కూడా కనబడుతుంది.

సన్నాహమేనని తేలితే సాధారణంగా శిక్ష లేదు. బందిపోటు దోపిడీకి సన్నాహం వంటి కొన్ని మినహాయింపులున్నాయి. 310వ సెక్షన్ దానికి పదేళ్ళ వరకు కఠిన కారాగారం విధిస్తుంది.

కుట్రను ఈ గీతతో కలపవద్దు, మరో కాగితం తీసుకోండి. 61వ సెక్షన్ కింద నేరం చేయడానికి ఇద్దరు ఒప్పుకుంటే ఆ ఒప్పందమే నేరం, పని మొదలుకానక్కర లేదు. నేరం కాకపోయినా చట్టవిరుద్ధమైన పని కోసం ఆ ఒప్పందమైతే మాత్రం, వారిలో ఒకరైనా దానికోసం ఏదో ఒకటి చేసి ఉండాలి. ఒకే మనిషి తనతో తాను కుట్ర చేయలేడు. ఒప్పందానికి సాక్షులు దొరకడం అరుదు కనుక పరిస్థితుల నుంచి ఊహించవచ్చు, కానీ స్నేహం, కలిసి తిరగడం మాత్రమే చాలవు.

చివరగా శిక్ష. ప్రయత్నానికి ప్రత్యేక సెక్షన్ ఉందేమో ముందు చూడండి. హత్యాయత్నానికి 109 ఉంది. లేకపోతేనే 62, అంటే ఆ నేరానికి ఉన్న గరిష్ఠ జైలు శిక్షలో సగం వరకు, లేదా జరిమానా, లేదా రెండూ.